‘ముక్కిపోవడం’ అంటే చెడిపోవడమేనా?

ముక్కిపోవడం అన్నా చెడిపోవడం అన్నా ఒకటే అయినప్పుడు రెండు మాటలెందుకని అడిగారు. ఒకటి కాదు. ఆ తేడా నేను తెనాలిలో ఒక బియ్యం కొట్టు దగ్గర, అమ్మమ్మ పక్కన నిలబడి నేర్చుకున్నాను.

2023 డిసెంబరు 5న మిగ్‌జాం తుఫాను బాపట్ల దగ్గర తీరం దాటినప్పుడు, ఆ చుట్టుపక్కల చాలా పొలాల్లో కోసిన వరి ఇంకా పనల మీదే ఉంది. తరువాతి వేసవిలో మేము బియ్యం కొనబోతే, కొట్టతను ఒక బస్తా విప్పి, రెండేళ్ళ పాత బియ్యమని, అందుకే ధర ఎక్కువని చెప్పాడు. అమ్మమ్మ గుప్పెడు బియ్యం తీసుకుని, పిడికిలి బిగించి, బొటనవేలి సందులోంచి లోపలికి వెచ్చగా ఊది, వెంటనే ముక్కు దగ్గర పెట్టుకుంది.

“పాతవి కావయ్యా, ముక్కినవి. మొన్న తుఫానుకు తడిసిన కుప్పలవి.”

గింజ విరగలేదు, పురుగు లేదు, బూజు లేదు; కాస్త పసుపు తిరిగింది, అంతే. చూపుకు పెద్దగా దొరకకుండా వాసనకు దొరికిపోయే ఆ పతనానికే ముక్కిపోవడమని పేరు. తేమ లోపల ఉండి, గాలి ఆడకపోతే గింజకు పట్టే రోగమది. ఎండిన బియ్యానికి వయసు వస్తే అన్నం పొడిపొడిగా వస్తుంది, విలువ పెరుగుతుంది. తడిసి మూతపడిన బియ్యం నెలల్లోనే ముక్కుతుంది. కొనుగోలు కేంద్రాల్లో తేమ 17 శాతం మించిన ధాన్యానికి అడ్డుచెప్పడం వెనక ఉన్న భయమంతా ఈ ఒక్క మాటలో ఉంది.

పాలు విరుగుతాయి, పప్పు పుచ్చుతుంది, బట్ట చివుకుతుంది, అన్నం పాచిపోతుంది. ఏ వస్తువు ఎలా దిగజారుతుందో ఇంత వివరంగా చెప్పగల భాష చేతిలో ఉండగా, ఈ రోజుల్లో అన్నిటికీ కలిపి ‘ఎక్స్‌పైర్ అయింది’ అనడం నాకు ఒళ్ళుమంట. 2016లో కాకినాడ సభలో పవన్ కల్యాణ్, ఆంధ్రప్రదేశ్‌కు ప్రత్యేక హోదా బదులు కేంద్రం ప్రకటించిన ప్రత్యేక ప్యాకేజీని పాచిపోయిన లడ్డూలతో పోల్చినప్పుడు రాష్ట్రమంతా ఆ మాటను పట్టుకుంది గాని, పాచిపోవడం తడి ఉన్న వంటకాలకే చెల్లుతుందని, లడ్డూకు బూజు పడుతుందేగాని అది పాచిపోదని మా ఇంట్లో అమ్మమ్మ ఒక్కతే అభ్యంతరం చెప్పింది. ముక్కిపోవడాన్ని కూడా గింజకు, పిండికి, మూసిన పెట్టెలోని పాత కాగితానికి దాటి వాడకూడదని నా పట్టుదల.

ఆ రోజు కొట్టతని ముందు మొహమాటపడి నేను రెండు కిలోలు కొన్నాను. నాలుగు నీళ్ళు పోసి కడిగి వండినా అన్నం ఆ వాసనే వేసింది. గిన్నె తోమి బోర్లించాక కూడా అమ్మమ్మ దాన్ని మళ్ళీ ఎత్తి వాసన చూసి, ఎండలో పెట్టించింది.