బొబ్బిలి తాత, రంగం తాత ఒక్కరు కారు

బొబ్బిలి యుద్ధం నుంచి తప్పించుకుని రాజాం వైపు వచ్చిన తాతే తర్వాత రంగం (బర్మాలోని రంగూన్) వెళ్లి కాలినడకన తిరిగొచ్చారని మీ నాయనమ్మగారు చెప్పారన్నారు. చిక్కంతా అక్కడే ఉందండీ. బొబ్బిలి యుద్ధం 1757 జనవరిలో జరిగింది. రంగూన్ మీద జపాను బాంబులు పడింది 1941 డిసెంబరులో, మనవాళ్లు అడవుల్లోంచి నడిచొచ్చింది 1942లో. మధ్యలో 185 ఏళ్లు, అంటే ఆరేడు తరాలు.

కథ అబద్ధమని మాత్రం అనుకోకండి. మనవడికి తాత పేరు పెట్టడం మన ఆనవాయితీ. ఒకే పేరు తరం విడిచి తరం వస్తుంటే ఇద్దరు ముగ్గురి కథలు ఒకరికే అతుక్కుంటాయి. మా ఇంట్లోనూ అదే జరిగింది. రెండేళ్లు ఒకే మనిషి కోసం వెతికాను.

నాయనమ్మగారిని సంవత్సరం అడగొద్దు. "తాత రంగం నుంచి వచ్చేసరికి నువ్వు పుట్టావా? మీ నాన్నకి పెళ్లయిందా?" అని అడగండి. తద్దినం పెట్టే ఇల్లయితే తండ్రి, తాత, ముత్తాత పేర్లు వరసగా చెబుతారు, అవి రాసుకోండి. దాయాదుల ఇళ్లలోనూ అడిగి సరిచూడండి.

కాగితాలు వెతికేటప్పుడు ఒక్క మాట: శ్రీకాకుళం జిల్లా 1950లో ఏర్పడింది, అంతకుముందు అది విశాఖపట్నం జిల్లాలో భాగం. మీ అమ్మమ్మగారిది టెక్కలి అన్నారు కాబట్టి, 1936కి ముందువి గంజాం జిల్లా పేరుతో చూడాలి.

ముందు నాయనమ్మగారి గొంతు ఫోన్లో రికార్డు చేయండి, ఈ వారమే.