పాత ఫోర్ వీల్ జీపులో స్పీడోమీటర్ ముల్లు కదలకపోతే

భీమవరం వైపు చెరువు గట్ల మీద తిరిగే పాత ఫోర్ వీల్ డ్రైవ్ జీపులో ముల్లు సున్నా దగ్గరే ఉండిపోయింది, మీటర్ మార్చాలా అని అడిగారు. ముందే మీటర్ కొనకండి. కిలోమీటర్ల అంకెలు తిరుగుతూ ముల్లు మాత్రమే కదలకపోతే లోపం మీటర్‌లో ఉంటుంది. రెండూ ఆగిపోతే ముందు కేబుల్‌నో, ట్రాన్స్‌ఫర్ కేస్ (ముందు, వెనక చక్రాలకు శక్తిని పంచే గేర్ల పెట్టె) దగ్గరి పినియన్‌నో (కేబుల్‌ను తిప్పే చిన్న పళ్ల చక్రం) అనుమానించాలి.

మీటర్ వెనక కేబుల్ నట్టు విప్పి, బండిని మెల్లగా నెట్టించండి. లోపలి తీగ తిరుగుతుంటే కింది భాగమంతా బాగున్నట్టే. తిరగకపోతే ట్రాన్స్‌ఫర్ కేస్ వైపు కూడా విప్పి తీగను బయటికి లాగండి. తెగిందా, నలుపలకగా ఉండే చివరి అంచులు అరిగి గుండ్రమయ్యాయా చూడండి. మన డెల్టా బురదకీ, ఉప్పుగాలికీ తీగ తుప్పు పట్టి తొడుగులోనే బిగిసిపోవడం మామూలే.

తీగ బాగుంటే పినియన్ తీయండి. పళ్లు అరిగితే సరిగ్గా అన్నే పళ్లున్నది కొనాలి, లేదంటే స్పీడు తప్పు చూపిస్తుంది. పనిలో పనిగా అక్కడి ఆయిల్ సీలు కూడా మార్చండి. అది పోతే గేర్ ఆయిల్ కేబుల్ వెంట మీటర్ దాకా ఎక్కుతుంది.

తీగ ఎందుకు తెగిందో చూడకుండా కొత్తది వేయడం డబ్బు దండగ. బిగిసిపోయిన మీటర్ దాన్నీ తెంపేస్తుంది. మీటర్ వెనక రంధ్రంలో పాత తీగ ముక్క పెట్టి వేళ్లతో తిప్పితే తేలిగ్గా తిరగాలి. కేబుల్‌ను ఎక్కడా మరీ వంచొద్దు, సైలెన్సర్ పైపుకు తగలనివ్వొద్దు. గ్రీజు పల్చగా, కింది భాగానికే రాయండి. మీటర్ వైపు జానెడు మేర పొడిగా వదిలేయాలి. పెద్ద టైర్లు వేయించి ఉంటే మాత్రం ఇవన్నీ చేసినా మీటర్ అసలు కన్నా తక్కువ స్పీడే చూపిస్తుంది.