ఫ్రెంచూ సినిమా కలిపి చదువుతానన్న మా అక్క కూతురికి

అమ్మలూ,

నీ మెసేజ్ నిన్న రాత్రే చూశా కానీ ఫోన్లో టైప్ చేసేంత చిన్న విషయం కాదని తీరిగ్గా రాస్తున్నా. ఫౌండేషన్ ఇయర్ గట్టెక్కి, ఫ్రెంచ్ అండ్ ఫిల్మ్ స్టడీస్‌లో సీటు ఖాయం అయిందంటే చాలా సంతోషం. అమ్మమ్మకి చెప్తే "సినిమాలు చూడ్డానికి లండన్ దాకా వెళ్ళాలిటే, కాకినాడలో హాళ్ళు లేవా" అంది. 2003లో నేను ఇదే కోర్సులో చేరినప్పుడు కూడా పొల్లు పోకుండా ఇదే డైలాగు, కాబట్టి పట్టించుకోకు. అయినా మనకి ఫ్రెంచ్ మరీ అంత దూరం చుట్టమేం కాదులే, యానాం 1954 దాకా వాళ్ళ చేతిలోనే ఉంది, మన ఊరి మగవాళ్ళకి అక్కడ గుర్తుండేది చవక మందు ఒక్కటే అది వేరే సంగతి.

ముందు నీ ఇంటర్ మార్కుల సంగతి. సంస్కృతం బదులు ఫ్రెంచ్ తీసుకున్నా, 97 వచ్చాయి, భాష పర్లేదు అన్నావు. ఆ 97ని గుడ్డలో చుట్టి అటక మీద పడేయ్. నిజంగా అంటున్నా. అది చూసి రాసే ఫ్రెంచ్, విని అర్థం చేసుకునే ఫ్రెంచ్ కాదు. పుస్తకంలో 'నాకు తెలీదు' అనడానికి "జ న సే పా" అని నేర్పిస్తారు కదా, సినిమాలో, బస్సులో, ఇంట్లో ఎవరూ అలా అనరు, "షే పా" అని మింగేస్తారు. 'లేదు' అనే "ఇల్ ని యా పా" కాస్తా "యా పా" అయిపోతుంది. మనం మాత్రం "వెళ్తున్నాను" అని పూర్తిగా పలుకుతామా, "ఎల్తన్నా" అనెయ్యట్లేదూ, అదే ఇది. మొదటి ఏడు నేను క్లాసులో గ్రామర్ అంతా కరెక్టుగా చేసి, సాయంత్రం స్క్రీనింగ్‌లో మాత్రం ఒక్క ముక్క అందక పక్కమ్మాయి నవ్వితే నవ్వుతూ కూర్చునేదాన్ని.

కానీ తెలుగు వాళ్ళకి ఇందులో రెండు లాభాలున్నాయి, నాకు ఎవరూ చెప్పలేదు కాబట్టి నీకు చెప్తున్నా. ఒకటి సంధి. "జ" పక్కన "ఎమ్" వస్తే "జెమ్", "లే" పక్కన "అమీ" వస్తే "లెజామీ". నా క్లాసులో ఇంగ్లీషు పిల్లలు దీనికి కిందామీదా పడేవాళ్ళు, మనం చిన్నప్పట్నుంచీ "ఏమి, అంటే" ని "ఏమంటే" అనేసేవాళ్ళం, మనకేం కొత్త. రెండోది ఇంకా పెద్దది, నువ్వూ మీరూ. "తు" అంటే నువ్వు, "వు" అంటే మీరు. ఇంగ్లీష్ సబ్‌టైటిల్లో రెండూ ఒకటే "యూ" అయిపోతాయి. 1937లో ఝాఁ రెన్వార్ తీసిన లా గ్రాండ్ ఇల్యూజియాఁలో ఒక పెద్దింటి ఆఫీసరు ఉంటాడు, తోటి ఖైదీ ఎంత దగ్గరైనా వాడితో మీరు అనడం మానడు, అడిగితే నేను మా అమ్మనీ మా ఆవిడనీ కూడా మీరనే అంటా అంటాడు. ఆ ముక్కకి ఇంగ్లీష్ క్లాస్‌మేట్స్‌కి ప్రొఫెసర్ పావుగంట వివరించాల్సొచ్చింది, నాకు మాత్రం తాతయ్యని జన్మంతా మీరనే పిల్చిన అమ్మమ్మ గుర్తొచ్చి అక్కడికక్కడే అర్థమైపోయింది. అందుకే సినిమా చూస్తున్నప్పుడు ఎవరు ఎవర్ని ఎప్పుడు మీరు నుంచి నువ్వులోకి మార్చారో పేపర్ మీద టైముతో సహా రాసుకో. ఆ ఒక్క కాయితంతో నేను రెండో ఏడు ఎస్సే మొత్తం లాగించేశా.

ఇక అసలు విషయం. ఈ కోర్సులో ఫ్రెంచ్ డిపార్ట్‌మెంట్ వేరు, ఫిల్మ్ డిపార్ట్‌మెంట్ వేరు. ఇద్దరికీ పొసగదని కాదు, ఒకళ్ళ సంగతి ఒకళ్ళకి పట్టదు. రెండు పడవల మీద కాళ్ళు పెట్టింది నువ్వు కాబట్టి రెంటినీ కట్టే తాడు కూడా నువ్వే తెచ్చుకోవాలి, ఎవరూ ఇవ్వరు. నేను రెండేళ్ళు పొద్దున ఫ్రెంచ్, మధ్యాహ్నం సినిమా అని విడివిడిగా చదివి రెండిట్లోనూ మధ్యరకంగా మిగిలా. నాకు పనికొచ్చిన పద్ధతి ఒక్కటే చెప్తా. వారానికి ఒక మూడు నిమిషాల సీన్ తీసుకో, ఎక్కువొద్దు. మొదటిసారి సౌండ్ తీసేసి చూడు, షాట్ ఎక్కడ తెగిందో అక్కడల్లా గీత పెట్టుకో. రెండోసారి బొమ్మ మీద టవల్ కప్పి వినడమే, విన్నది విన్నట్టు ఫ్రెంచ్‌లో రాయి, తప్పులైనా సరే. తర్వాత ఫ్రెంచ్ సబ్‌టైటిల్స్ పెట్టి సరిచూసుకో, ఇంగ్లీష్‌వి మాత్రం ఆఖర్న, అదీ ఏం వదిలేశారో పట్టుకోడానికి. సబ్‌టైటిల్‌కి రెండు లైన్లు, లైనుకి నలభై చిల్లర అక్షరాలు, అంతకి మించి జనం చదవలేరు, అందుకని మాట్లాడిందాంట్లో బోలెడు పోతుంది. ఇరవై ఏళ్ళుగా నేను చేసేది ఆ పనే కాబట్టి ఎంత పోతుందో నాకు తెలుసు.

మాటల్ని కూడా సినిమా నుంచే పట్టుకో. "ప్లాఁ" అంటే వాళ్ళకి షాట్, ఇంగ్లీష్ ప్లాన్ అనుకుని నేను పేపర్లో దారుణంగా రాశా. క్లోజప్ "గ్రో ప్లాఁ", షూటింగ్ "తుర్నాజ్", డైరెక్టర్ "రెయాలిజతోర్", ఆట "సెయాఁస్", ట్రైలర్ "బాఁద్ అనోఁస్". తొడల దాకా మనిషి కనిపించే షాట్‌ని "ప్లాఁ అమెరికేఁ" అంటారు, కౌబాయ్ నడుముకున్న తుపాకీ కూడా ఫ్రేములోకి రావాలి కదా, అందుకని. ఇలా ఒక కథతో వచ్చిన మాట మర్చిపోవడం కష్టం. ముక్కుతో పలికేవి మాత్రం ఏడిపిస్తాయి, ద్రాక్షసారాకి, గాలికి, 'వెళ్తారు' అనే క్రియకి మూడిటికీ మన చెవికి ఇంచుమించు ఒకటే "వాఁ" వినిపిస్తుంది, మూడు నెలలు పడుతుంది, కంగారుపడకు. "తు"లో "ఉ" కోసం ఊ అన్నట్టు మూతి సున్నా చుట్టి లోపల ఈ అను. అద్దం ముందు ప్రాక్టీస్ చెయ్యి, రూమ్మేట్ లేనప్పుడు.

ఫిల్మ్ వైపు మొదటి దెబ్బ ఎక్కడ తగుల్తుందో చెప్తా. సీక్వెన్స్ ఎనాలిసిస్ అని ఇస్తారు, నాలుగు నిమిషాల క్లిప్ చూసి రాయాలి. నేను నాలుగు పేజీలు కథ రాశా, ఆయన లోపలికొచ్చాడు, ఆమె ఏడ్చింది, తలుపేసింది అని. మేడమ్ కింద ఎర్రపెన్నుతో "ఏం జరిగిందో నేనూ చూశాను, కెమెరా ఎక్కడుందో చెప్పు" అని రాశారు. అంతే, అదే మొత్తం సిలబస్ అనుకో. కెమెరా ఎక్కడుంది, షాట్ ఎంతసేపుంది, ఫ్రేములో లేనివాళ్ళ గొంతు ఎందుకు వినిపిస్తోంది. థియరీ పుస్తకాలు ఎన్ని చదివినా ఇవి లేకపోతే మార్కులు రావు.

సినిమాలు లాప్‌టాప్‌లోనే చూడకు. సౌత్ కెన్సింగ్టన్‌లో ఫ్రెంచ్ ఇన్‌స్టిట్యూట్ వాళ్ళ సినిమా హాలు సినె లుమియేర్ ఉంది, సౌత్‌బ్యాంక్‌లో బీఎఫ్ఐ, అంటే బ్రిటిష్ ఫిల్మ్ ఇన్‌స్టిట్యూట్ ఉంది, అందులో లైబ్రరీ ఫ్రీ, చలికాలం వెచ్చగా కూడా ఉంటుంది.

మూడో ఏడు ఫ్రాన్స్ వెళ్ళాలి కదా, దాని గురించి ఇప్పట్నుంచే ఆలోచించు. అందరూ పారిస్ అంటారు, నేనూ వెళ్ళా, 2005 సెప్టెంబర్‌లో. అదే నెల సినెమాతెక్, అంటే పాత సినిమాలు దాచి చూపించే సంస్థ, బెర్సీలో కొత్త బిల్డింగులోకి మారింది, ఆర్కిటెక్ట్ ఫ్రాంక్ గెరీ కట్టింది, మా రూమ్ నుంచి మెట్రోలో ఇరవై నిమిషాలు. లాటిన్ క్వార్టర్‌లో రూ షాంపోలియోఁ అని చిన్న సందు ఉంటుంది, అందులో వరసగా పాత సినిమాలేసే హాళ్ళు, మధ్యాహ్నం రెండింటి ఆటకి నేనూ నలుగురు ముసలాళ్ళూ. కొత్త సినిమా అక్కడ శుక్రవారం కాదు బుధవారం రిలీజు, మొదటి వారం ఇది తెలీక బోర్డు చూసి వెనక్కొచ్చేశా. పోస్టర్ మీద "వీఓ" అని ఉంటే ఒరిజినల్ భాష, "వీఎఫ్" అంటే ఫ్రెంచ్ డబ్బింగ్. నువ్వు కొన్నాళ్ళు కావాలనే వీఎఫ్‌కి వెళ్ళు, నీకు కథ తెలిసిన హాలీవుడ్ సినిమాకి, చెవికి మంచి ఎక్సర్‌సైజు. సినిమా పిచ్చోళ్ళు వెక్కిరిస్తే వెక్కిరించనీ.

కానీ నిజం చెప్పాలంటే పారిస్‌లో మొదటి నాలుగు నెలలు నేను ఇంగ్లీషులోనే బతికా, తోటి ఎక్స్ఛేంజ్ పిల్లలతో. నన్ను కాపాడింది సమ్మె! 2006లో ఇరవయ్యారేళ్ళ లోపు వాళ్ళని మొదటి రెండేళ్ళు కారణం చెప్పకుండా ఉద్యోగంలోంచి తీసేయొచ్చని ప్రభుత్వం ఒక కాంట్రాక్టు తెచ్చింది, సీపీఈ అనేవాళ్ళు, యూనివర్సిటీలన్నీ భగ్గుమన్నాయి. మా గేటుకి కుర్చీలూ బల్లలూ అడ్డం పేర్చేశారు, క్లాసుల్లేవు, రోజూ హాల్లో మీటింగులు, ఒకడు మైకు లాక్కుంటాడు ఇంకోడు అరుస్తాడు. నేను వెనక కూర్చుని విన్నా. ఏప్రిల్‌లో ప్రభుత్వం వెనక్కి తగ్గేసరికి నాకు ఫ్రెంచ్ వచ్చేసింది. నీకు సమ్మె దొరుకుతుందని గ్యారంటీ లేదు కాబట్టి లియోఁ గురించి ఆలోచించు. తొలి సినిమాలు తీసిన లుమియేర్ అన్నదమ్ముల ఫ్యాక్టరీ అక్కడే, ఆ వీధి పేరే 'మొదటి సినిమా వీధి', ఖర్చు తక్కువ, ఇంగ్లీష్ పిల్లలు కూడా తక్కువ.

అక్కడ మార్కులు 20కి. 10 వస్తే పాసు, 14 వస్తే పార్టీ ఇచ్చుకో. నాకు మొదటి పేపర్‌కి 7 వచ్చింది, ఎందుకంటే నా అభిప్రాయం మొదటి లైన్లోనే చెప్పేశా, వాళ్ళకి ముందు ప్రశ్న కావాలి, తర్వాత ఇటు వాదన, అటు వాదన, ఆ తర్వాతే నువ్వు. వెళ్ళేముందు ఇక్కడి ఆఫీసులో ఆ మార్కుల్ని ఇక్కడి మార్కులుగా ఎలా మారుస్తారో ఈమెయిల్లో అడిగి దాచుకో, నోటిమాట నమ్మకు, నేను నమ్మి ఒక గ్రేడు పోగొట్టుకున్నా.

ఉద్యోగం గురించి మీ నాన్న తప్పకుండా అడుగుతారు. ఏం వస్తుందో దాపరికం లేకుండా చెప్పు, సబ్‌టైటిల్స్, అనువాదం, టీచింగ్, ఫెస్టివల్స్‌లో పని. డబ్బు ఐటీ అంత రాదు. సబ్‌టైటిల్ పనిలో ఈమధ్య మిషన్ చేసింది దిద్దమని పంపి రేటు కోసేస్తున్నారు, నేనే రెండు కాంట్రాక్టులు వదిలేశా. అయినా ఆ మిషన్‌కి మీరు నువ్వు అయిన క్షణం ఇంకా సరిగ్గా దొరకట్లేదు, నాకు ఇంకా పిలుపులు వస్తున్నాయంటే అందుకే. ఆప్షన్లలో ట్రాన్స్‌లేషన్ మాడ్యూల్ ఉంటే మాత్రం ముందు అది పట్టు, త్వరగా నిండిపోతుంది.

సెప్టెంబర్లో దిగగానే మా ఇంటికే రా, శనివారం ఒక సీన్ పెట్టుకుని కూర్చుందాం, టవల్ నేనిస్తా. అమ్మ ఆవకాయ ఇస్తే సూట్‌కేసులో బట్టల మధ్యన పెట్టకు, నా ఫిల్మ్ నోట్స్ ఇప్పటికీ నూనె వాసనే.

పిన్ని