ముందు కుక్కను కుక్కలా రాయి

తమ్ముడికి,

స్క్రిప్టు అందింది, రెండుసార్లు చదివాను. కాలనీ పిల్లలు నలుగురు, ఒక తల్లికుక్క, దాని కూనలు, మున్సిపాలిటీ వ్యాను. ఇంటిల్లిపాదీ కూర్చుని చూసే సినిమాకి ఇంతకుమించి ముడిసరుకు అక్కర్లేదు. చిక్కల్లా ఒక్కచోటే. పిల్లలు పిల్లల్లాగే ఉన్నారు గానీ కుక్క కుక్కలా లేదు, తోకున్న మేనత్తలా ఉంది. అందరి మనసులూ చదివేస్తుంది, కన్నీళ్లు పెట్టుకుంటుంది, అవసరానికి ఎక్కడినుంచో ఊడిపడుతుంది.

'కుక్క బాధగా చూసింది' అని చాలా చోట్ల రాశావు. ఆ వాక్యం పట్టుకుని సెట్లో ట్రైనర్ ఏం చేయాలి? కూర్చోవడం, పడుకోవడం, ఆగమంటే ఆగడం, చూపించిన గుర్తు దగ్గరికి వెళ్లడం, వస్తువు నోట కరుచుకుని తేవడం, మొరగడం... కుక్కకి నేర్పేవి ఇలాంటివి. బాధ నేర్పలేరు. అదే సీను ఇలా రాసి చూడు: 'పళ్లెం దగ్గరికి వచ్చింది. వాసన చూసింది. తినకుండా రెండడుగులు వెనక్కి వేసింది. చెవులు రిక్కించి గేటు వైపు చూసింది. గేటు దగ్గర ఎవరూ లేరు.' బాధ అన్న మాట లేకుండానే విషయం చేరింది. పైగా ప్రతి వాక్యమూ ఒక షాటు. పళ్లెం దగ్గరికి వదలడానికి ఒక మనిషి, గేటు పక్కన నిలబడి పిలవడానికి ఇంకో మనిషి ఉంటే పని జరిగిపోతుంది. ఒకే షాటులో మూడు పనులు పెట్టావంటే టేకులు పెరుగుతాయి. టేకుకో చికెన్ ముక్క తిని కడుపు నిండాక ఆ కుక్క ఎవరి మాటా వినదు.

కథాకాలం కూడా మార్చాలి. కూనలు వేసవి సెలవుల మొదట్లో కళ్లు తెరిచినట్టు రాశావు. కుక్కలు ఏ నెలలోనైనా పిల్లల్ని పెట్టవచ్చు, కాదనను. కానీ మన వీధుల్లో వాటి జోరంతా ఎప్పుడో చెప్పడానికి చిత్తకార్తె అనే మాటే ఉంది కదా! అంటే అక్టోబరు రెండో వారం నుంచి. కడుపుతో ఉండేది సుమారు 63 రోజులు. డిసెంబరు రెండో సగంలో పిల్లల్ని పెడుతుంది. కూనలు కళ్లు తెరవడానికి 10 నుంచి 14 రోజులు. సంక్రాంతి సెలవులకి అవి మూడు నాలుగు వారాలవై, తప్పటడుగులు వేస్తూ ముగ్గుల్లోకి వచ్చి పడతాయి. ఊరెళ్లని పిల్లలు ఎటూ వీధిలోనే ఉంటారు. కథ అక్కడ మొదలుపెట్టు. పరీక్షలై వేసవి సెలవులు వచ్చేసరికి అవి నాలుగు నెలల కుక్కలు, పాలపళ్లు ఊడుతూ చెప్పులన్నీ కొరుకుతుంటాయి. కాలనీవాళ్ల విసుగు ఎక్కడ ముదురుతుందో వేరే వెతుక్కోనక్కర్లేదు.

ఇక అసలు సంగతి, కాటు సీను. నీ డ్రాఫ్టులో అది లేదు. కుక్కను చూసి భయపడే వాళ్లందరూ చెడ్డవాళ్లు, ప్రేమించే వాళ్లందరూ మంచివాళ్లు. 2023 ఫిబ్రవరిలో హైదరాబాద్ అంబర్‌పేటలో వీధికుక్కల దాడిలో నాలుగేళ్ల పిల్లవాడు చనిపోయాడు. ఆ సీసీటీవీ దృశ్యం చూసిన తల్లులు నీ సినిమాకి పిల్లల్ని వెంటబెట్టుకుని వస్తారు. వాళ్ల భయాన్ని వెటకారం చేస్తే ఇంటర్వెల్‌కే నిన్ను వదిలేస్తారు. కరిచేది నీ కథలోని తల్లికుక్కే కావాలి. కరిపించుకునేవాడు దాన్ని అందరికన్నా ఎక్కువ ఇష్టపడే పిల్లాడు కావాలి.

ఊరికే మీదపడి కరిచినట్టు రాయకు. పిల్లాడు కూనను ఎత్తుకోవడానికి వంగుతాడు. తల్లి ఒళ్లు కదలకుండా బిగుసుకుపోతుంది. తల పక్కకు తిప్పినా చూపు వాడి చేతి మీదే, కంటి కొసన తెల్లగుడ్డు కనిపిస్తుంది. పెదవి ఒకసారి నాక్కుంటుంది. తోక చిన్నగా ఊగుతూనే ఉండొచ్చు. తోక ఊపితే మంచిగా ఉన్నట్టేనని పిల్లాడు అనుకుంటాడు, ప్రేక్షకుడూ అనుకుంటాడు. గొంతులో సన్నటి గుర్రు, వెంటనే కాటు. ఇదంతా మూడు నాలుగు సెకన్లు. కాటు చూపించనే వద్దు, వాడి స్నేహితురాలి మొహం చూపించు.

ఆ తర్వాత బొడ్డు చుట్టూ 14 ఇంజెక్షన్ల జోకు వేశావంటే నేను ఊరుకోను. ఆ వైద్యం ఎప్పుడో పోయింది. ఇప్పుడు చేసేది ఇది: గాయాన్ని ధారగా పడే నీళ్ల కింద సబ్బుతో 15 నిమిషాలు కడగాలి. పసుపు, కారం, కాఫీపొడి ఏదీ పెట్టకూడదు. మన ప్రభుత్వాసుపత్రుల్లో రేబిస్ టీకా చర్మంలోకి వేస్తారు: మొదటి రోజు సున్నా అనుకుంటే 0, 3, 7, 28 రోజుల్లో. నెత్తురు వచ్చిన గాయమైతే దాని చుట్టూ ఇమ్యునోగ్లోబ్యులిన్ (రేబిస్‌ను వెంటనే అడ్డుకునే యాంటీబాడీల మందు) కూడా. బామ్మ పసుపు డబ్బా తేవడం, పిల్ల 'వద్దు బామ్మా, సబ్బు' అని కుళాయి తిప్పడం, అంతే చాలు. ఉపన్యాసం అక్కర్లేదు.

ఇందులోనే నీ రెండో సగమంతా ఉంది, చూడు. టీకా ఆపకుండానే, కరిచిన కుక్కకి రేబిస్ ఉందో లేదో తేలడానికి దాని మీద 10 రోజులు కన్నేసి ఉంచమంటారు డాక్టర్లు. ఆ 10 రోజులూ అది బతికి, కంటికి కనబడుతూ ఉండాలి. కాలనీ ఏమో దాన్ని ఎలాగైనా వదిలించుకోవాలని చూస్తుంది. అంటే కుక్కను కాపాడాల్సిన పని పిల్లల మీద పడింది, అదీ తమ స్నేహితుడి కోసం! విలన్ లేకుండానే కథ పరుగెడుతుంది. టీకా రోజులు నాలుగూ నాలుగు మెట్లు: మూడో రోజు వాడు కుక్క పేరెత్తితే ఏడుస్తాడు, ఏడో రోజు కిటికీలోంచి చూస్తాడు.

వ్యానువాళ్లు కుక్కను చంపడానికి తీసుకెళ్తున్నట్టూ, పిల్లలు సైకిళ్లమీద వెంటపడ్డట్టూ క్లైమాక్స్ రాశావు. అది నిలవదు. 2023 నాటి జంతు జనన నియంత్రణ నిబంధనల ప్రకారం పట్టిన వీధికుక్కకు ఆపరేషన్ చేసి, టీకా వేసి, పట్టిన చోటే వదలాలి. చెవి అంచున 'వి' ఆకారపు గాటు దానికి గుర్తు. అసలు ప్రమాదం ఇంకోటి ఉంది: తెచ్చి వేరే వీధిలో వదిలేయడం. ఆ వీధి కుక్కలు దాన్ని బతకనివ్వవు. ఇంకో ప్రమాదం, పాలిచ్చే తల్లిని పట్టుకుపోతే కూనలు ఆకలికి చస్తాయి. వ్యాను దగ్గర పిల్ల దాని పొదుగు చూపించి ఆపగలగాలి, ఆపేవాడు ఆ వ్యానులోని మనిషే కావాలి. ఒక జాగ్రత్త. స్కూళ్లు, ఆసుపత్రులు, బస్టాండ్లు, రైల్వే స్టేషన్ల నుంచి పట్టిన కుక్కలను తిరిగి అక్కడే వదలొద్దని సుప్రీంకోర్టు 2025 నవంబరు 7న చెప్పింది. కాబట్టి కుక్కను బడి ఆవరణలో పెట్టకు, వీధిలోనే ఉంచు. ఈ విషయంలో ఉత్తర్వులు మారుతున్నాయి, చివరి డ్రాఫ్టు ముందు మరోసారి చూసుకో.

చిన్నదే గానీ చెప్పాలి: పిల్లలు కుక్కకి చాక్లెట్ పెట్టే సీను తీసెయ్. అది కుక్కలకు విషం. పెరుగన్నం పెట్టించు.

షూటింగ్ సంగతి నిర్మాత చూసుకుంటాడులే అనుకోకు, అది నీ పేజీల మీదే పడుతుంది. బాల నటులకు రోజుకు 5 గంటలే, విరామం లేకుండా 3 గంటలు దాటకూడదు, వరుసగా 27 రోజులు మించకూడదు, సంపాదనలో కనీసం 20 శాతం పిల్లల పేరున డిపాజిట్ చేయాలి. కుక్కకి భారత జంతు సంక్షేమ మండలి అనుమతి ముందే కావాలి, సెన్సారుకి వెళ్లేముందు వాళ్ల ఎన్‌ఓసీ (అభ్యంతరం లేదనే పత్రం) కావాలి. మత్తుమందు వాడకూడదు, నిప్పు దగ్గరికి తేకూడదు, కుక్కల పోట్లాట పెట్టకూడదు. నీ భోగిమంట సీను, గుంపు పోట్లాట సీను రెండూ పోయినట్టే. పోట్లాట గోడవతల శబ్దంగా రాయి, ఇంకా భయంగా ఉంటుంది. ఇక కూనలు నెల తిరిగేసరికి గుర్తుపట్టలేనంత పెరుగుతాయి. కాబట్టి వాటి సీన్లన్నీ ఒకే షెడ్యూల్లో అయ్యేలా ఒకటి రెండు లొకేషన్లకు కుదించు. టీకా పడని కూనలను ఊరంతా తిప్పితే పార్వో అనే ప్రాణాంతక వైరస్ జబ్బు తగులుకుంటుంది.

నలుగురు పిల్లలూ కుక్కా ఒకే ఫ్రేములో ఉండే సీన్లకు ఎర్ర పెన్సిల్‌తో గీత పెట్టుకో. సగం ఎగరగొట్టు, మిగతావాటిలో ఒక్క పిల్లాడినే కుక్క దగ్గర ఉంచు. ముందు కాటు సీనూ, ఏడో రోజు కిటికీ సీనూ రాసి పంపు. క్లైమాక్స్ ఇప్పుడే ముట్టుకోకు.

మీ అన్న