విండోస్ 7 తీసేసి ఏం వేసుకోవాలి?

ప్రశ్న: పర్లాకిమిడిలో చిన్న జిరాక్స్, టైపింగ్ షాపు నాది. అర్జీలు ఒడియాలో, పెళ్లి కార్డులు తెలుగులో చేస్తాను. కంప్యూటర్‌లో ఇంకా విండోస్ 7 ఉంది, ర్యామ్ 4 జీబీ. కొత్తది కొనలేను. ఏం చేయాలి?

జవాబు: విండోస్ 7కి మామూలు భద్రతా అప్‌డేట్లు 2020 జనవరి 14తోనే ఆగిపోయాయి. మీ షాపుకి జనం ఆధార్, పట్టా కాగితాలు పెన్‌డ్రైవ్‌లో తెస్తారు. నాకు టెన్షన్ అక్కడే. విండోస్ 10 గడువూ 2025 అక్టోబర్‌లో ముగిసింది. విండోస్ 11కి టీపీఎం 2.0 అనే భద్రతా చిప్ కావాలి, అంత పాత మెషీన్‌లో అది దొరకడం కష్టం.

విండోస్‌కి బదులుగా వాడే లినక్స్ మింట్ అనే ఆపరేటింగ్ సిస్టమ్‌లో ఎక్స్‌ఎఫ్‌సీఈ అనే తేలిక రకం వేయండి. ఉచితం, 4 జీబీకి సరిపోతుంది. బరంపురంలో నా పాత డెస్క్‌టాప్‌కి అదే వేశాను. భారతీయ భాషలన్నిటికీ ఒకే తీరులో అక్షరాలు అమర్చిన ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డు నేర్చుకున్నాక నాకు ప్రాణం లేచివచ్చింది: కే మీట నొక్కితే తెలుగులో క, ఒడియాలోనూ క. ఒక్కసారి చేతికి అలవాటైతే రెండు భాషలూ వచ్చేస్తాయి!

ఒక చిక్కు మాత్రం ఉంది. అను ఫాంట్లలో చేసిన పాత పెళ్లి కార్డులు యూనికోడ్ (అన్ని కంప్యూటర్లూ ఒకేలా చదివే అక్షరాల పద్ధతి) కావు, మింట్‌లో సరిగా తెరుచుకోవు. వాటికోసం విండోస్‌ని తీసేయకుండా మింట్‌తో పాటే ఉంచండి, దానికి ఇంటర్నెట్ మాత్రం ఇవ్వకండి. ముందు ఫైళ్లన్నీ వేరే డిస్క్‌లోకి కాపీ చేసుకోండి. తర్వాత మింట్‌ని పెన్‌డ్రైవ్ నుంచే నడిపి, మీ ప్రింటరు, స్కానరు పనిచేస్తున్నాయో లేదో చూశాకే ఇన్‌స్టాల్ చేయండి.