‘ది రోడ్’ నవలలో ప్రళయానికి కారణం ఎందుకు చెప్పలేదు?

కార్మాక్ మెకార్తీ 2006లో ప్రచురించిన ఈ నవలలో లోకం ఎలా కాలిపోయిందో చివరికీ ఎందుకు చెప్పలేదని ఒక పాఠకుడు అడిగారు. దొరికే ఆనవాళ్లు ఇంతే: గడియారాలు 1:17కి ఆగిపోయాయి, పొడవాటి వెలుగు, వరుసగా అదిరిన చప్పుళ్లు. అణుయుద్ధమా, ఉల్కాపాతమా అన్నది పుస్తకం తేల్చదు. కథలో ముఖ్యపాత్రలైన తండ్రీకొడుకులకు పేర్లు కూడా లేవు.

కానీ గడియారాలు ఆగిన ఆ క్షణంలో తండ్రి ఏం చేశాడో చూడండి: స్నానాల తొట్టెలో నీళ్లు నింపసాగాడు. నాకు ఆ పేజీయే అసలు జవాబు. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను శ్రీకాకుళం జిల్లాలో పలాస దగ్గర తీరం దాటింది. ఆ జిల్లాలోని ఉద్దానం ప్రాంతంలో కొబ్బరి, జీడి తోటలు నేలకూలాయి, కరెంటు పోయి బోర్లు ఆగిపోయాయి. వాయుగుండం ఎలా పుట్టిందని మా ఇంట్లో ఎవరూ అడగలేదు. బిందెల్లో ఎన్ని నీళ్లు మిగిలాయో అమ్మ చూసుకుంది.