మురుగునీటి శుద్ధిలో కెరీర్: సివిల్ విద్యార్థిని ఏం నేర్చుకోవాలి?

ప్రశ్న: మా అమ్మాయి బీటెక్ సివిల్ మూడో సంవత్సరం. మురుగునీటి శుద్ధి వైపు వెళ్తానంటోంది. ఉద్యోగాలు ఉంటాయా? – ఒక తండ్రి, నెల్లూరు

జవాబు: ఉంటాయండి. మీకు దగ్గర్లోని కండలేరు నుంచే కృష్ణా నీళ్లు చెన్నైకి తాగడానికి వెళ్తాయి. ఆ చెన్నైలోనే 2019లో కోయంబేడు, కొడుంగైయూరుల్లో రెండు ప్లాంట్లు మొదలయ్యాయి. ఒక్కోదాని సామర్థ్యం రోజుకు 4.5 కోట్ల లీటర్లు. శుద్ధిచేసిన మురుగునీటిని ఇసుక ఫిల్టర్లు, అల్ట్రాఫిల్ట్రేషన్ (అతి సన్నని రంధ్రాలున్న మెంబ్రేన్లు, అంటే పొరలతో వడకట్టడం), ఆర్వో దాటించి ఫ్యాక్టరీలకు అమ్ముతారు. ఫ్యాక్టరీలు ఆ నీళ్లు తీసుకున్న మేరకు మంచినీళ్లు ఇళ్లకు మిగులుతాయి.

ఇలాంటి ప్లాంట్లకు డిజైన్ చేసేవాళ్లకంటే సరిగ్గా నడిపేవాళ్లే కరువు. అమ్మాయిని ముందు బయాలజీ, ల్యాబ్ పని నేర్చుకోమనండి. ఉదాహరణకు, ఎయిరేషన్ ట్యాంకు (బ్యాక్టీరియా మురికిని తినేలా గాలి ఊదే ట్యాంకు) నీళ్లు లీటరు జాడీలో పోసి 30 నిమిషాలు కదపకుండా ఉంచుతారు. బురద 300 మిల్లీలీటర్ల దగ్గర పేరుకుని, ఎంఎల్‌ఎస్‌ఎస్ (ఆ నీళ్లలో తేలే బురద) లీటరుకు 3,000 మిల్లీగ్రాములు ఉంటే ఎస్‌వీఐ (బురద ఎంత బాగా కిందికి దిగుతుందో చెప్పే అంకె) 100. అంటే బాగున్నట్టు. 150 దాటితే బురద సరిగ్గా కిందికి దిగదు, నీళ్లతోపాటు కొట్టుకుపోయి అల్ట్రాఫిల్ట్రేషన్ మెంబ్రేన్లను పూడ్చేస్తుంది. చాలాచోట్ల అసలు కారణం కరెంటు బిల్లు. రాత్రిపూట గాలి ఊదే బ్లోయర్లు ఆపేస్తారు. లీటరుకు 2 మిల్లీగ్రాములుండాల్సిన ఆక్సిజన్ పడిపోతుంది, పోగుల్లాంటి బ్యాక్టీరియా పెరిగిపోతుంది. మెంబ్రేన్ ఎన్నిసార్లు కడిగినా లాభం ఉండదు, సరిచేయాల్సింది గాలినే.

అపార్ట్‌మెంట్లలో పని వేరు. రోజుకు తలసరి 135 లీటర్లలో దాదాపు 45 ఫ్లష్‌కే పోతాయి. అది రీసైకిల్ నీళ్లతో నడవాలంటే పైపులైన్ విడిగా ఉండాలి. రిపేరుకొచ్చిన ప్లంబర్ రెండు లైన్లూ కలిపేస్తే రీసైకిల్ నీళ్లు తాగునీళ్లలోకి వస్తాయి. అందుకే లైన్లకు వేర్వేరు రంగులు వేయడం, ఏడాదికోసారైనా ఒక లైను కట్టేసి రెండోదాన్ని పరీక్షించడం ఆమెకు చేతనై ఉండాలి.

ఎంటెక్ చేయాలనుకుంటే గేట్‌లో ఎన్విరాన్‌మెంటల్ సైన్స్ అండ్ ఇంజినీరింగ్ పేపరు 2021 నుంచి ఉంది, సివిల్ పేపరుతోనూ సీట్లు దొరుకుతాయి. కానీ ఆ లోపు ఈ వేసవిలో ఏదైనా ఎస్టీపీ (మురుగునీటి శుద్ధి ప్లాంటు) ల్యాబ్‌లో ఇంటర్న్‌షిప్ చేయించండి. నీళ్లలోని మురికిని తినడానికి బ్యాక్టీరియాకు ఎంత ఆక్సిజన్ కావాలో చెప్పే బీఓడీ పరీక్షకే మూడు నుంచి ఐదు రోజులు పడుతుంది, కాబట్టి వారంలో ముగిసే ఇంటర్న్‌షిప్ వద్దు.

ఉద్యోగంలో చేరేముందు నైట్ షిఫ్ట్‌కు వాహనం ఇస్తారా, గ్యాస్ డిటెక్టర్లు పనిచేస్తున్నాయా అని తప్పకుండా అడగమనండి. మురుగులో పుట్టే విషవాయువు హైడ్రోజన్ సల్ఫైడ్ ఎక్కువైతే ముక్కుకు వాసనే తెలియదు. డిటెక్టర్ లేకుండా సంపులోకి దిగమనే చోట జీతం ఎంతిచ్చినా చేర్పించకండి.